యాప్ పేరు తర్వాత, ముందు పిల్లాడు ఎక్కడ ఆగాడో చెప్పండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు, వాయిస్ మెసేజ్‌లు అన్నీ ముందేసుకుని కూర్చుంటే చాలావాటిలో ఒకటే మాట: ‘ఏ యాప్ మంచిదండీ?’ విశాఖ బళ్లలో సహిత విద్య టీచరుగా పదిహేడేళ్లు తిరిగాను. చూపు, వినికిడి, మాట, నడక, చదువు, వీటిలో ఎక్కడో ఒకచోట ఇబ్బంది ఉన్న పిల్లలు మామూలు బడిలోనే అందరితో కూర్చుని చదువుకునేలా చూడటం నా పని. ఆ పని కోసం కొన్నవాటిలో సగం బీరువాలో దుమ్ముకొట్టుకుపోయాయి, నిజంగా పనికొచ్చినవి చేతిలో ఉన్న ఫోనులోనే దొరికాయి. అందుకని ఈసారి అన్నీ ఈ ప్రశ్నలే తీసుకున్నాను.

ప్రశ్న: మాది గాజువాక వైపు ప్రభుత్వ హైస్కూలు. నా ఆరో తరగతిలో 42 మంది. ముగ్గురు ఇంట్లో ఒడియా మాట్లాడతారు, వాళ్ల నాన్నలు ఇక్కడికి పనులకొచ్చారు. ఒకమ్మాయికి కళ్లజోడు పెట్టుకున్నా బోర్డు సరిగ్గా కనబడదు. ఒక అబ్బాయి ‘మామయ్య’ అని చెబితే ‘యామమ్య’ అని రాస్తాడు. ఇంకో ఇద్దరు అందరికంటే ముందే పని ముగించేసి పక్కవాళ్లను గిల్లుతుంటారు. గదిలో పెద్ద టచ్ ప్యానెల్ బిగించారు, యూట్యూబ్ పాఠాలు వేయడం తప్ప దానితో ఏం చేయాలో తెలియడం లేదు. వీళ్లందరికీ పనికొచ్చే యాప్ ఒకటి చెప్పండి.
– ఒక సైన్స్ టీచరు

జవాబు: అందరికీ సరిపోయే యాప్ లేదు టీచరు గారూ. ఉందని ఎవరైనా బ్యాగు తగిలించుకుని మీ స్కూలుకొస్తే టీ ఇచ్చి పంపేయండి. మీరు గమనించారో లేదో, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో మీ ఉత్తరంలో మీరే రాసేశారు. ఒకరికి బోర్డు కనబడక, ఒకరికి అక్షరం పట్టుబడక, ముగ్గురికి భాష రాక, ఇద్దరికి చేయడానికి పని లేక. కష్టమైన భాగం అదే, అది అయిపోయింది.

ముందు ఆ ప్యానెల్ సంగతి. దాన్ని బోర్డులాగే వాడండి, కాకపోతే ఈ బోర్డు మీద రాసిన ప్రతి పేజీ దాచుకోవచ్చు. మన క్లాసుల్లో బోలెడు టైము బోర్డు మీదది నోట్సులోకి ఎక్కించడానికే పోతుంది. ‘చెరిపేయొద్దు టీచర్, చెరిపేయొద్దు టీచర్’ అని వెనక బెంచీ అరుపులు మీకూ అలవాటే అయ్యుంటాయి. రాత నెమ్మదిగా సాగే పిల్లాడు ఆ ఎక్కించే గొడవలో పడి మీరు చెప్పేది ఒక్క ముక్క వినడు. బెల్లు కొట్టాక ఆ పేజీలు పీడీఎఫ్‌గా దాచి, ప్రింటు తీసి వాడి నోట్సులో అంటించండి, పాఠం జరుగుతున్నంతసేపూ వాడిని వినమనండి. ఈ ఒక్క మార్పుకే మొహం విప్పారిన పిల్లలను చూశాను.

చూపు తక్కువున్న అమ్మాయిని ముందు బెంచీలోనే కూర్చోబెట్టి ఉంటారు. ఒకసారి మీరు కూడా సరిగ్గా ఆమె చోటులో కూర్చుని చూడండి. కిటికీ వెలుగు ప్యానెల్ గాజు మీద పడి అక్షరాలు మెరుపులో కలిసిపోతుంటే, ముందు బెంచీలో ఉన్నా లాభం లేదు. కర్టెన్ లేకపోతే పాత చీర కట్టండి. తెరను నల్లగా పెట్టి తెల్లగానో పసుపుగానో లావుగా రాయండి. పుస్తకం చదవడానికి ఫోను కెమెరానే భూతద్దం చేసుకోవచ్చు, ఫోను తెర మీది అక్షరాలకైతే ఆండ్రాయిడ్‌లో మాగ్నిఫికేషన్ అని సెట్టింగ్ ఉంది, ఆన్ చేసుకుంటే తెరను మూడుసార్లు తట్టగానే పెద్దవవుతాయి. అయితే జోడు పెట్టుకున్నా కనబడటం లేదంటే కంటి డాక్టరుకు మళ్లీ చూపించాల్సిందే. ఈలోగా దగ్గరలో ఉన్న భవిత కేంద్రం (ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరు చెవిన కూడా ఈ మాట వేయండి, వాళ్ల పనే అది.

యామమ్య పిల్లాడి దగ్గర కాసేపు ఆగుదాం, నాకు ఇష్టమైన పిల్లాడు వీడే. మ, య పక్కపక్కన రాసి చూడండి, అన్నదమ్ముల్లా ఉంటాయి. ప, వ అంతే. థ, ధలకు తేడా కడుపులో ఒక చుక్క. తడబడే కంటికి ఇవన్నీ ఒకటే మూకగా కనబడతాయి. ఇలాంటివాళ్ల కోసమని కొందరు ఓపెన్‌డిస్లెక్సిక్ లాంటి ప్రత్యేక ఫాంట్లు చూపిస్తారు, అది ఇంగ్లీషు లిపి కోసం చేసింది, దాంట్లో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లీషు పిల్లలకైనా అది పెద్దగా ఒరగబెట్టినట్టు పరిశోధనల్లో తేలలేదు. పనిచేసేది ఎడం, అంటే మధ్యలో వదిలే జాగా. వర్క్‌షీటు 18 సైజులో, వరుసల మధ్య ఒకటిన్నర రెట్లు జాగా వదిలి టైపు చేయండి. మన లిపికి ఈ జాగా ఇంగ్లీషు కన్నా ఎక్కువ కావాలి, ఎందుకంటే పై వరుస ఒత్తులు దిగొచ్చి కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. మనకు అలవాటైపోయి తెలియదు గానీ వాడికి ఆ పేజీ ముళ్లకంప. పేజీకి ఎనిమిది వరుసలు మించకుండా ఇచ్చి చూడండి.

ఒడియా పిల్లలకు: మన రాష్ట్ర పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి కదా, వాళ్లకు ఆ రెండూ పరాయివే. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఉచిత కథల సైటు ఉంది, అందులో చాలా కథలు తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతాయి. ముందు వాళ్ల భాషలో చదివించి, అదే కథ మర్నాడు తెలుగులో పెట్టండి. ఇక పాఠానికి, పై తరగతిలో రెండు భాషలూ వచ్చిన ఆడపిల్లో మగపిల్లాడో తప్పకుండా ఉంటారు, వాళ్లతో పాఠానికి పది మాటలు ఫోనులో రికార్డు చేయించి దాచుకోండి. గూగుల్ అనువాదం వాడొద్దని అనను, కానీ పాఠాల్లోని పారిభాషిక పదాల దగ్గర కళ్లు తెరుచుకుని ఉండండి, లెక్కల్లో ఘాతం అని ఉండాల్సిన చోట ‘పవర్’ను శక్తి అనేసినా ఆశ్చర్యం లేదు.

గిల్లుడు బ్యాచ్‌ను రికార్డింగ్‌కు కూర్చోబెట్టండి. పాఠంలో ఒక పేరా తీసుకుని నాలుగేళ్ల చెల్లికి చెప్పినట్టు ఫోనులో చెప్పమనండి. ‘కిరణజన్య సంయోగక్రియ’ను కిరణ, జన్య, సంయోగ, క్రియ అని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు అర్థం చెప్పాలంటే వాళ్లు మళ్లీ పుస్తకం తెరవక తప్పదు. ఆ రికార్డింగు మీ యామమ్య పిల్లాడు వింటాడు, ఒడియా పిల్లలు వింటారు, కళ్లజోడు అమ్మాయీ వింటుంది. నాకు తెలిసిన ఒక టీచరమ్మ దగ్గర ఇలా ఏడాదంతా పిల్లల గొంతులతో పోగైన పాఠాలున్నాయి, మధ్యలో కోడి కూతలు, కుక్కర్ విజిల్స్ కూడా.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి, మధురవాడలో ప్రైవేటు స్కూలు. నోటితో అడిగితే ఈవీఎస్ పుస్తకం మొత్తం చెప్పేస్తాడు, పేపరు మీద మాత్రం ఏమీ ఉండదు. టీచర్లు బద్ధకం అంటారు, మా అత్తగారు నా గారాబం అంటారు. ఒక సెంటరువాళ్లు ట్యాబు, సాఫ్ట్‌వేర్ కలిపి 40 వేల ప్యాకేజీ చెప్పారు, ఆరు నెలల్లో గడగడా చదివేస్తాడట. తీసుకోమంటారా?
– ఒక అమ్మ

జవాబు: వద్దమ్మా. ఆరు నెలల్లో గడగడా అని హామీ ఇచ్చినవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయాలి. నోటితో అంత చెప్పే పిల్లాడు బద్ధకస్తుడు ఎలా అవుతాడు? ఇది చదువు, రాతలకు సంబంధించిన ఇబ్బంది కావచ్చు, కాకపోవచ్చు కూడా, నేను ఉత్తరం చూసి పేరు పెట్టను. చెవి, కన్ను ముందు పరీక్ష చేయించి, తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు తయారుచేసిన పరీక్షలు ఉంటాయి, వాటితో చూస్తారు. పాత 1995 చట్టంలో వైకల్యాలు ఏడే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, అందులో ఈ చదువు ఇబ్బంది కూడా చేరింది. అంటే స్కూలువాళ్లు దీన్ని బద్ధకం అని కొట్టిపారేయడానికి ఇక కుదరదు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పేది) విషయం మీ సచివాలయంలో అడగండి. 40 శాతం గానీ అంతకు మించి గానీ తేలితే పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి, రాసిపెట్టే మనిషిని కూడా అడగవచ్చు.

ఈలోగా రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లో చేసేది ఒకటి చెబుతాను. ఫోను కీబోర్డులో మైకు గుర్తు ఉంటుంది, 2017 నుంచి గూగుల్‌ది తెలుగు కూడా రాస్తోంది. రోజూ సాయంత్రం బాబును దాంట్లో మూడు వాక్యాలు చెప్పమనండి, ఏదైనా సరే, రుషికొండలో అల చెప్పు లాక్కుపోయిన సంగతైనా సరే. ఫోను రాస్తుంది. దాన్ని పెద్ద అక్షరాలు చేసి వాడితోనే చదివించండి. వాడు చెప్పిన వాక్యమే గనక రాబోయే మాట వాడికి ముందే తెలుసు, అక్షరాన్ని దానికి జత చేసుకుంటే చాలు, భయం సగం పోతుంది. మధ్యలో ఫోను తప్పు రాస్తుంది, రాయనివ్వండి, ‘అమ్మా, నేను అల అంటే ఇది ఇలా అని రాసింది’ అని వాడు పట్టుకున్న రోజు మీరు నాకు ఇంకో ఉత్తరం రాయాలి. పాఠం వినడానికి ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ పెట్టుకోండి, తెర మీద అక్షరాలను తట్టితే చదివి వినిపిస్తుంది.

విని నేర్చుకోవడం మోసం కదా అని మీ అత్తగారు అనవచ్చు. మన విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథకు తెల్లవార్లూ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అక్షరం వచ్చునో అడగండి, భారతం మాత్రం వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. అలాగని అక్షరాలు నేర్పడం ఆపేయకూడదు. రోజూ పదిహేను నిమిషాలు, వారానికి రెండు మూడు అక్షరాలే, చేత్తో ఇసకలో దిద్దిస్తూ. ఇసకకు మన ఊళ్లో కొరత లేదు. ట్యాబు వినిపిస్తుంది గానీ దిద్దించదు.

ప్రశ్న: నేను సిటీలో ఒక కాలేజీలో బీఏ చదువుతున్నాను, నాకు చూపు లేదు. ఇంగ్లీషు నోట్సు కంప్యూటర్ చక్కగా చదువుతుంది. సార్లు పంపే తెలుగు నోట్సు మాత్రం తెరవగానే ‘స్లాష్, డాలర్, కామా’ అని పిచ్చి కూతలు. తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని రెండుసార్లు తీసి వేశాను.
– ఒక విద్యార్థి

జవాబు: ఎన్‌వీడీఏ బంగారం బాబూ, దాన్ని ఏమీ అనకు. చూపులేని ఇద్దరు కుర్రాళ్లు ఆస్ట్రేలియాలో 2006లో మొదలుపెట్టి ప్రపంచానికి ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. తప్పు ఫాంటుది. మీ సార్లు నోట్సు అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో టైపు చేయిస్తున్నట్టున్నారు. తెలుగు పత్రికలు, ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి వాటితోనే నడిచాయి. అందులో కంటికి తెలుగే కనబడుతుంది, లోపల దాగున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, వాటికి ఫాంటు తెలుగు చొక్కా తొడుగుతుంది అంతే. చొక్కా చూడలేని యంత్రం లోపలున్నదే చదువుతుంది. అదే స్లాష్, డాలర్.

అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో విడివిడిగా సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది, కాబట్టి ఇది ఇంకా ఇలా ఉండటం నాకైతే ఒళ్లు మండే విషయం. మీ సార్లకు ఈ చిన్న పరీక్ష చెప్పు: నోట్సులో ఒక వరుస కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయమను. తెలుగే వస్తే ఫరవాలేదు, గీతలూ గుర్తులూ వస్తే నీకు వినబడుతున్నది అదే. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, ఎవరైనా స్నేహితుడు ఒకసారి కూర్చుంటే సెమిస్టరు నోట్సు మొత్తం మారిపోతుంది. ఫొటో తీసి పంపిన పేజీలైతే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరవాలి, బొమ్మలోని తెలుగును అక్షరాలుగా తీసిస్తుంది, ఒత్తుల దగ్గర కొంచెం తడబడుతుంది గానీ చదువుకోవడానికి సరిపోతుంది. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది, చూపు ఇబ్బంది వల్లో మరో కారణంతోనో అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసమే, అందులో సభ్యత్వం తీసుకో.

కొత్తగా టైపు చేసేవి మాత్రం యూనికోడ్‌లోనే చేయించమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ పెట్టు. మర్యాదగా, కాపీ దగ్గర ఉంచుకుని.

ప్రశ్న: మాది పెదజాలారిపేట. మా పాప ఏడో తరగతి, రెండు చెవులకూ మిషను ఉంది. ఇంట్లో బాగానే వింటుంది, బళ్లో ఏమీ అర్థం కావట్లేదని ఏడుస్తోంది. మాటలు అక్షరాలుగా వచ్చే యాప్ ఒకటి ఉందంట కదండీ, అది పెడితే సరిపోద్దా?
– ఒక నాన్న

జవాబు: ఉంది. లైవ్ ట్రాన్స్‌క్రైబ్, గూగుల్ వాళ్లది, 2019లో వచ్చింది, ఉచితం, తెలుగు తీసుకుంటుంది. కానీ దాన్ని పాప బల్ల మీద పెట్టారనుకోండి, పక్క పిల్ల దగ్గు, ఫ్యాను గోల, బయట ఆటో హారను, అన్నీ కలిపి వినాలి అది కూడా. పాప మిషను పడుతున్న పాట్లే అది కూడా పడుతుంది. మిషను టీచరు గొంతు ఒక్కదాన్నే పూర్తిగా ఏరి ఇవ్వలేదు, చుట్టుపక్కల చప్పుళ్లనూ పెంచుతుంది. ఇంట్లో మీరు రెండడుగుల దూరంలో మాట్లాడతారు, బళ్లో టీచరు ఇరవై అడుగుల అవతల, పైగా బోర్డు వైపు తిరిగి.

అందుకే మైకు టీచరు నోటి దగ్గర ఉండాలి. చొక్కాకో చీర అంచుకో తగిలించే చిన్న మైకు ఫోనుకు కలిపితే యాప్ రాసే మాటలు చాలా మెరుగుపడతాయి. ఇంకా మంచిది, టీచరు మెడలో మైకు నుంచి గొంతు నేరుగా పాప మిషనులోకి వచ్చే ఏర్పాటు. పాప మిషనుకు అది కుదురుతుందో లేదో ఆడియాలజిస్టును అడగండి, మోడల్‌ను బట్టి ఉంటుంది. యాప్‌కు నెట్ కావాలి, మన టీచర్లు ఒక వాక్యంలో సగం ఇంగ్లీషు కలిపేస్తే తప్పులు వస్తాయి, కాబట్టి దాన్ని నోట్సులా నమ్మొద్దు, ఇప్పుడు ఏ పాఠం నడుస్తోందో పట్టుకోవడానికి చాలు.

ఇవేవీ లేకపోయినా రేపే చేయగలిగినవి రెండున్నాయి. బెంచీ కాళ్లకు పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడగమనండి, ఆ కిర్రుకిర్రు పోతే గది సగం నిశ్శబ్దమవుతుంది. టీచరును రాసేటప్పుడు మాట్లాడొద్దని, తిరిగి మొహం చూపించి చెప్పమనండి. ఒక మాట మీకు: మీరు సముద్రం ఒడ్డున ఉంటారు, ఉప్పుగాలికీ చెమటకూ మిషను తొందరగా పాడవుతుంది. రాత్రి తీసి, బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టండి, చంటిపిల్లలకు అందకుండా.

పాపకు సైగల భాష వచ్చా? రాకపోయినా నేర్పించండి, దానివల్ల మాట పోతుందనే భయం వద్దు. కేంద్రం నడిపే పాఠాల టీవీ ఛానెళ్లు పీఎం ఈ-విద్యలో 31వ నంబరు ఛానెల్ 2024 డిసెంబరు నుంచి పూర్తిగా భారతీయ సైగల భాషకే కేటాయించారు.

ప్రశ్న: క్లాసులో ఒక్క పిల్లాడికే ట్యాబు ఇస్తే మిగతావాళ్లు ‘వాడికెందుకు, మాకేదీ’ అంటున్నారు. ఏం చెప్పాలి?
– ఒక మాస్టారు, కంచరపాలెం

జవాబు: ఏమీ చెప్పొద్దు మాస్టారూ, అందరికీ ఇవ్వండి. రోజుకో గుంపుకు పది నిమిషాలు, వినాలనుకున్నవాడు వింటాడు, చదవాలనుకున్నవాడు చదువుతాడు. నేను కొత్తలో చేసిన తప్పు చెబుతాను. అయిదో తరగతిలో ఒక పిల్లాడికి పాఠం వినమని పెద్ద హెడ్‌ఫోన్ తెచ్చి, ముందు బెంచీలో కూర్చోబెట్టి, మురిసిపోతూ పెట్టాను. వెనక నుంచి ఒకడు, ‘ఏట్రా, పైలట్ అయిపోనావేట్రా!’ క్లాసంతా నవ్వు. పిల్లాడు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు, ఆ ఏడాది మళ్లీ ముట్టలేదు. మరుసటి ఏడాది నాలుగు కొని వెనక అల్మరాలో ‘వినే మూల’ అని పెట్టాను. మొదట పరుగెత్తుకొచ్చింది ఆ పైలట్ అన్నవాడే.

ప్రశ్న: మా అమ్మాయికి ఆటిజం. బళ్లో ఆమె బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌తో ‘నీళ్లు కావాలి’ అని మొదటిసారి చెప్పింది. టీచరు సంతోషంతో వీడియో తీసి, పేరు, ఆటిజం అని రాసి పేరెంట్స్ గ్రూపులో పెట్టారు. ఆవిడ మంచి మనిషి. నాకు మాత్రం ఏదోలా ఉంది. అతి చేస్తున్నానా?
– ఒక అమ్మ, గోపాలపట్నం

జవాబు: అతి కాదు తల్లీ. ఆ ‘నీళ్లు కావాలి’కి ముందు మీరు ఎన్ని నెలలు ఎదురుచూశారో ఆ గ్రూపులో వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. కానీ టీచరు దగ్గరకు చట్టం పట్టుకుని వెళ్లొద్దు, ఆవిడతో మీకు ఇంకా చాలా ఏళ్ల పని ఉంది. ఒంటరిగా కలిసి, వీడియో మీకు పంపమని, గ్రూపులోంచి తీసేయమని అడగండి. ఇకముందు తీసేవి మీ ఇద్దరి మధ్యే ఉండాలని కూడా అనుకోండి, ఎందుకంటే అవి మీకు కావాలి, ఏ బొమ్మ నొక్కింది, ఎంతసేపు ఆలోచించింది అన్నది ఇంట్లో మీరు అదే పద్ధతిలో కొనసాగించడానికి పనికొస్తుంది. అన్నట్టు ఆ యాప్ బళ్లోని ట్యాబులోనే ఉందా, ఇంట్లోనూ ఉందా? నాలుగు గంటలకు బడి వదిలాక కూడా పాపకు దాహం వేస్తుంది. అదే యాప్, అవే బొమ్మలు, అదే వరుసలో మీ ఫోనులో కూడా పెట్టించుకుని రండి, వీడియో సంగతి మాట్లాడే రోజే.